చిరుగు మీద చిరుగు పడదు

రండి, మేడమీదికి రండి. చెప్పులు మెట్ల దగ్గరే విడవండి, పైన బట్టలు పరిచి ఉన్నాయి. ఇవాళ మన తొండియార్‌పేట ఇంట్లో బొంత కుడుతున్నారు. మీ నాయనమ్మ, ఎదురింటి పెద్దమ్మ, కింది వాటాలో ఉండే అత్త, సందు చివరి నుంచి ఇంకో నలుగురు. తలా ఒక పాత నూలు చీరో పంచో తెచ్చారు. దబ్బనాలు, దారపు ఉండలు, గాలికి గుడ్డ లేవకుండా నాలుగు మూలలా ఇటుకలు, అన్నీ సిద్ధం. మీరూ ఆ అంచున కూర్చోండి. వాళ్ళు కుడుతుంటే మనం కబుర్లు చెప్పుకుందాం.

మా మనవరాలు అడగనే అడిగింది: “తాతా, ఇవన్నీ చిరిగిన చీరలే కదా! చిరిగినవన్నీ కలిపితే మంచి బొంత ఎలా అవుతుంది?”

మంచి ప్రశ్నమ్మా. ఇదిగో, ఈ చీర కొస పట్టుకుని ఎండకు ఎదురుగా ఎత్తు. ఎన్ని చోట్ల వెలుతురు చుక్కలు కనిపిస్తున్నాయో చూడు. ఇప్పుడు దీని వెనక ఇంకో చీర పెట్టు. చుక్కలు చాలావరకు పోయాయి కదూ? మూడోది కూడా పెట్టు. ఇక ఒక్కటీ లేదు. ఏ చీరనూ మనం బాగుచెయ్యలేదు. దేని చిరుగు దానికి అలాగే ఉంది. ఒకదాని చిరుగు వెనక ఇంకొకదాని గట్టి నేత వచ్చి నిలబడింది, అంతే.

దీన్నే లెక్కగా చూద్దాం. చీరను 100 గళ్ళుగా గీశామనుకోండి. అందులో 10 గళ్ళు చిరిగి ఉన్నాయి. రెండో చీరలోనూ 10 గళ్ళే, ఎక్కడ పడితే అక్కడ. రెండూ ఒకే గడిలో చిరిగి ఉండటానికి ఎంత వీలుంది? పదో వంతులో పదో వంతు, అంటే 100 గళ్ళలో ఒక్కటి. మూడో చీర వేస్తే 1,000లో ఒకటి. నాలుగోది వేస్తే 10,000లో ఒకటి. మీ పుస్తకాల్లో సంభావ్యత అని పాఠం ఉంటుందే, అది ఇదే. అయితే ఈ లెక్క కుదరాలంటే చిరుగులన్నీ ఒకేచోట ఉండకూడదు. చీరలేమో మామూలుగా కుచ్చిళ్ళ దగ్గరా, కాలికి తగిలే అంచు దగ్గరా ముందు నలుగుతాయి. అందుకే చూడండి, నాయనమ్మ మొదటి చీర కొంగు అటువైపు పెట్టి, రెండోదాని కొంగు ఇటు తిప్పి పరిచింది. ఈ పద్ధతి ఆవిడకు వాళ్ళమ్మ నేర్పింది.

ఇక కుట్టు సంగతి. పాత వాషర్‌మన్‌పేట ఎం.సి. రోడ్డులో బట్టల కొట్టుకు వెళ్ళినప్పుడు గమనించారా? కొట్టతను జాకెట్టు గుడ్డ కొలిచి, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని సర్రున చింపేస్తాడు. గాటు పెట్టకుండా చింపమనండి, ఎంత బలవంతుడైనా తిప్పలు పడాల్సిందే. నిండు గుడ్డను లాగితే ఆ లాగుడు వేల దారాలు తలా కాస్త పంచుకుంటాయి. గాటు పడిందంటే, తెగిన దారాల వాటా అంతా గాటు కొసన ఉన్న ఒకటి రెండు దారాల నెత్తిన పడుతుంది. అవి తెగుతాయి. భారం పక్క దారం మీదికి పోతుంది. అదీ తెగుతుంది. చిరుగు అలా పరిగెడుతుంది.

బొంతలో ఆ పరుగును టాకా ఆపుతుంది. దబ్బనం పై పొరలోంచి దిగి, అన్ని పొరలూ దాటి, వేలెడు దూరంలో మళ్ళీ పైకి వస్తోంది చూడండి. పై గుడ్డ చిరుగు సాగబోతే, ఆ కొస మీది భారం టాకా గుండా కింది గట్టి పొరల్లోకి దిగిపోతుంది. ఒక టాకా తెగినా బొంత ఊడిపోదు. గుడ్డకూ దారానికీ మధ్య ఉన్న రాపిడి దారాన్ని జారనివ్వదు, పక్క టాకాలు ఆ భారాన్ని ఓర్చుకుంటాయి. ఇందాక అత్త ఒకమ్మాయితో “దారం అంత బిగించకమ్మా” అంది, విన్నారా? బిగిస్తే పొరల మధ్య గాలి పోతుంది. బొంతకు ప్రాణం ఆ గాలే.

దుప్పటి వేడి పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. వేడి పుట్టేది మన ఒంట్లో. ఊరికే పడుకుని ఉన్న పెద్దమనిషి ఒంటి నుంచి సుమారు 80 వాట్ల వేడి బయటికి పోతూనే ఉంటుంది, పాతకాలపు గుండు బల్బు ఒకటి వెలుగుతున్నట్టు. బొంత దాన్ని అంత తొందరగా పోనివ్వదు. ముఖ్యంగా ఆపేది పొరల మధ్య చిక్కుకున్న గాలి. కదలకుండా ఉన్న గాలి వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది. నీళ్ళు అంతకు 20 రెట్ల కన్నా ఎక్కువ జోరుగా మోస్తాయి. అందుకే తడిసిన బొంత చలి ఆపదు. ఎండలో వేసి, కర్రతో నాలుగు తట్టి దులిపితే పొరలు మళ్ళీ పొంగుతాయి, వెచ్చదనం తిరిగి వస్తుంది.

నమ్మకం కుదరలేదా? తెల్లవారుజామున కాసిమేడు చేపల రేవుకు వెళ్ళి చూడండి. ఐసు దిమ్మల మీద గోనెపట్టాలు కప్పుతారు. ఐసుకు చలి వేస్తుందనా? బయటి వేడి లోపలికి రాకుండా. లోపలి వేడి బయటికి పోయినా, బయటి వేడి లోపలికి వచ్చినా, అడ్డుపడటమే కప్పిన గుడ్డ పని. మెరీనా ఎదుట ఉన్న ఐస్ హౌస్‌ను 1842లో కట్టారు. అమెరికా నుంచి ఓడల్లో మంచు దిమ్మలు అక్కడికి వచ్చేవి, రంపపు పొట్టులో పొదిగి. నెలల తరబడి ఎండలో, సముద్రం మీద వచ్చినా మిగిలాయంటే ఆ పొట్టు సందుల్లోని గాలి చలవే. ఆ ఐస్ హౌసే ఇప్పుడు మనం వివేకానంద హౌస్ అంటున్న ఇల్లు.

మన చుట్టుపక్కల పేటలకు గుడ్డతో పాత చుట్టరికం ఉంది. ఉత్తరాన కాలాడిపేటకు ఆ పేరు వచ్చింది 1717 నుంచి 1720 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన జోసెఫ్ కాలెట్ వల్ల. నేతగాళ్ళను తెచ్చి అక్కడ నిలిపాడు. దక్షిణాన వాషర్‌మన్‌పేట, ఈస్టిండియా కంపెనీ గుడ్డలు ఉతికి ఎండలో తెల్లబరిచిన చాకళ్ళ పేట. అక్కడి కాలేజీ ఎవరి పేరున ఉందో ఆ సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారు దేవాంగుల ఇంట పుట్టిన తెలుగువారు. ఒక మూర గుడ్డ వెనక ఎన్ని చేతులున్నాయో ఎరిగిన పేటలివి.

పాత గుడ్డను మళ్ళీ వాడటానికి ఇంకో దారీ ఉంది. హర్యానాలోని పానిపట్‌లో పాత బట్టలను యంత్రాలతో పీలికలుగా చీల్చి, మళ్ళీ నూలు వడికి, దుప్పట్లు నేస్తారు. గొప్ప పనే. అయితే చీల్చేటప్పుడు పోగులు పొట్టివైపోతాయి, పొట్టి పోగులతో వడికిన దారానికి బలం తక్కువ. బొంతలో గుడ్డ గుడ్డగానే ఉంటుంది, పోగు తెగదు. పైగా ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి గంజి బిరుసంతా పోయిన నూలు కాబట్టి, కొత్త గుడ్డకు రాని మెత్తదనం దానికి ఉంటుంది.

అదిగో, పెద్దమ్మ ఒక చీరను పక్కన పడేసింది. మెరుస్తోంది, ఒక్క చిరుగు లేదు. ఎందుకు వద్దంది? దాని అంచు నుంచి ఒక పోగు, నూలు చీర నుంచి ఒక పోగు లాగి ఈ ఇత్తడి పళ్ళెంలో పెడతాను. అగ్గిపుల్ల నేనే గీస్తాను, మీరు వెనక్కి జరగండి. నూలు పోగు కాగితంలా మండి, మెత్తటి బూడిదైంది. వాసన కూడా కాగితం కాలినట్టే ఉంది. రెండోది ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూస అయింది. అది పాలిస్టర్. మంచినీళ్ళ సీసా చేసేదీ ఆ పదార్థంతోనే. 100 గ్రాముల నూలు గాలిలోంచి 7, 8 గ్రాముల తేమ పీల్చుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చుకోదు. మన చెన్నై ఉక్కలో ఒంటికి అంటుకుపోయేది అందుకే.

“మరి దాన్ని పారేస్తామా తాతా?” అక్కర్లేదమ్మా. పీలికలు చేసి జడలా అల్లితే కాళ్ళ పట్టా అవుతుంది. క్రోషా సూదితో అల్లితే ఇంకో వింత చూడొచ్చు. ప్రతి వరసలోనూ కుట్లు పెంచుకుంటూ పోతే అల్లిక చదునుగా పడుకోదు, సీతమ్మవారి జడ పువ్వులా కుచ్చులు తిరుగుతుంది. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే గణితవేత్త, చదును కాగితం మీద సరిగ్గా చూపడానికి లొంగని ఒక జ్యామితిని ఇలా అల్లి చేతికి అందేలా చేసింది. 2005లో లాస్ ఏంజిలిస్‌లో మార్గరెట్, క్రిస్టీన్ వెర్ట్‌హైమ్ అనే అక్కచెల్లెళ్ళు అదే అల్లికతో పగడపు దిబ్బ అల్లడం మొదలుపెట్టారు, ఉన్నితోనూ, పారేసిన ప్లాస్టిక్‌తోనూ. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారి చచ్చిపోతున్నాయని లోకానికి చూపాలని వాళ్ళ తపన. దేశదేశాల్లో వేలమంది చెయ్యి కలిపారు. నిజం దిబ్బ కూడా అంతే కదా, గోరంతైనా లేని జీవులు లెక్కలేనన్ని కలిసి కట్టిన ఇల్లు. మనకు దక్షిణాన మన్నార్ సింధుశాఖలోనే అలాంటివి ఉన్నాయి.

ఇంత మంది కలవడం మన ఊరికీ తెలుసు. 2016 జనవరి 31న చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే బృందం, ఎవరికి వారు అల్లిన ముక్కలన్నీ కలిపి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు సాధించింది. రెండున్నర ఎకరాలకు పైమాటే.

మన బొంత మాత్రం మూడు మూరలే. ఇది ఎవరికో తెలుసా? వెనక సందులో పుట్టిన పసిబిడ్డకు. పుట్టిన బిడ్డ మనలా వణికి వేడి పుట్టించుకోలేదు. బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి వేడి ఇట్టే జారిపోతుంది. మెడ వెనకా భుజాల మధ్యా ఉండే గోధుమరంగు కొవ్వు కరిగి కాస్త వేడినిస్తుంది, మిగతాది మనం చూసుకోవాలి. అమ్మ ఒళ్ళో లేని వేళ, కిందినుంచి చలి తగలకుండా ఈ ఏడు ఇళ్ళ నూలు ఆ బిడ్డను కాస్తుంది.

ఇదిగో, ఒక దబ్బనం ఖాళీ అయింది. తీసుకో అమ్మా, నీ పాత గౌను ముక్క ఆ మూలన ఉంది, దాన్ని నువ్వే కుట్టు. టాకా కాస్త వంకర పోయినా బెంగపడకు. పక్కన పెద్దమ్మ టాకా ఉంది, పట్టుకుంటుంది.