వాన కబురును ఆన్‌లైన్ దుకాణమునకు చేర్చుట ఎట్లు?

మామిడి తాండ్ర ఎండను నమ్ముకొన్న సరుకు. రసమును చాపపై పలుచగా పూసి, ఆ పొర ఆరిన పిదపనే మరియొక పొర పూయవలెను. వరుసగా కొన్ని దినములు ఎండ కాసినగాని తాండ్ర దళసరి కాదు. నడుమ ఒక్క మామిడి జల్లు పడిన చాలును, సగమారిన చాప బూజు పట్టును. ఆత్రేయపురము వైపు ఈ పని చేయు ఇండ్లవారికి ఇది నేను చెప్పనక్కరలేదు.

ఆన్‌లైన్ దుకాణములో తాండ్ర అమ్మువారికి నష్టము చాపతో తీరిపోదు. పెరటిలో వాన కురియుచుండగనే దుకాణపు పేజీ "4 రోజులలో పంపెదము" అని చెప్పుచు, ఎక్కడనో హైదరాబాదులోనివారి డబ్బు పుచ్చుకొనుచుండును. గడువు దాటగానే వారు డబ్బు తిరిగి అడుగుదురు. చాప పోయిన మరల పరచుకొనవచ్చును. పోయిన నమ్మకము అంత సులువుగా రాదు.

వాన సూచనను దానంతటదే దుకాణమునకు చేర్చు ఏర్పాటు చేసికొన్న ఈ చిక్కు చాలవరకు తప్పును. ఇందుకు ప్రోగ్రాము వ్రాయుట రానక్కరలేదు. జాపియర్, మేక్ వంటి సేవలు గలవు. వాతావరణ సమాచారము కాలువ, దుకాణము మడి, ఈ సేవ నడుమనున్న తూము అనుకొనుడు. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దించవలెనో మీరే ముందుగా చెప్పి పెట్టవలెను.

నిర్ణయించిన వేళకు ఆ సేవ మేల్కొని, ఓపెన్‌వెదర్ వంటి సంస్థ నుండి మీ ఊరి అక్షాంశ రేఖాంశములకు రాబోవు 3 దినముల సూచన తెచ్చును. దానిని మీ హద్దుతో పోల్చును. హద్దు దాటినచో వూకామర్స్ లేక షాపిఫై దుకాణములో తాండ్ర ప్రక్కనున్న గడువు మాటను మార్చును. ఓపెన్‌-మీటియో అను మరియొక సంస్థ కూడ సూచన ఇచ్చును గాని, దాని ఉచిత సదుపాయము వ్యాపారమునకు కాదు. అమ్మకమునకు వాడువారు చందా కట్టవలెను.

గంటకొకమారు నడిపించిన నెలకు 720 మారులగును. ఇట్టి సేవలు పనిని లెక్కించి రుసుము తీసికొనును గనుక అది వృథా ఖర్చు. అమెరికావారి జి.ఎఫ్.ఎస్. వంటి పెద్ద సూచన నమూనా కూడ దినమునకు 4 మారులే క్రొత్తగా లెక్క కట్టబడును. ఉదయము 5 గంటలకు, సాయంత్రము 5 గంటలకు చూచిన చాలును. నెలకు 60 మారులే.

ఇక హద్దు సంగతి. అసలు పని ఇక్కడనే ఉన్నది. ఆకుకూరలు అమ్మువారికి ఎన్ని మిల్లీమీటర్లు కురియుననుట ముఖ్యము. తాండ్రవారికి అట్లు కాదు. భారత వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు కురిసినగాని దానిని వాన దినముగా లెక్కింపదు. చాప చెడుటకు అంత వాన అక్కరలేదు. కావున వీరు చూడవలసినది వాన పడు అవకాశము. ఓపెన్‌-మీటియో దీనిని 60 అని శాతములో చెప్పును; ఓపెన్‌వెదర్ అదే సంగతిని 0.6 అని చెప్పును. ఈ భేదము గమనింపక 60 అని హద్దు పెట్టినవారి తూము తుపానులో కూడ దిగదు! గడియారము కూడ చూచుకొనుడు. కాలమండలము చెప్పనిచో ఓపెన్‌-మీటియో గ్రీనిచ్ కాలము ఇచ్చును. మన మధ్యాహ్నము 12 గంటలు అక్కడ ఉదయము 6.30.

దించుటకు, ఎత్తుటకు ఒకే హద్దు పెట్టకూడదు. 60 శాతము దాటిన ఆపి, 59కి రాగానే తెరచినచో దుకాణము పూటకొక మాట చెప్పును. 60 వద్ద దించి, వరుసగా రెండు దినములు 30 లోపు ఉన్నప్పుడే ఎత్తుట మేలు. ఈ అంకెలు నా సలహా మాత్రమే. మీ ఊరి ఎండను బట్టి మీరు మార్చుకొనుడు.

సూచన రానేరాని రోజులును ఉండును. సేవ ఖాళీ గడిని సున్నగా, అనగా "వాన లేదు" అని గ్రహింపవచ్చును. ఓపెన్‌వెదర్ వానలేని వేళకు వాన అను గడినే పంపదు గనుక ఈ పొరపాటు మరింత సులువు. సమాచారమే అందనప్పుడు పాత స్థితి కదలక ఉండవలెననియు, మీ ఫోనుకు కబురు రావలెననియు నియమము వ్రాసికొనుడు.

సరుకును పేజీ నుండి తీసివేయుట మాత్రము వలదు. "ఎండ వచ్చిన 7 రోజులకు పంపెదము" అని మార్చిన చాలును; కావలసినవారు ఆగుదురు. ధరను మార్చు పని యంత్రమునకు అప్పగింపకుడు. ఆరెంజి, రెడ్ హెచ్చరికలు వచ్చిననాడు మీరే స్వయముగా పేజీ చూచుకొనుడు.

మొదటి 15 దినములు ఈ ఏర్పాటును దుకాణముతో కలుపక, ఫోనుకు కబురు పంపునట్లు మాత్రమే నడుపుడు. ప్రతి పూట అది చెప్పినదియు, పెరటిలో జరిగినదియు ఒక పుస్తకములో ప్రక్కప్రక్కన వ్రాయుడు. రెండును చాలవరకు కలిసిన పిదప దుకాణమునకు కలుపుడు.