చెమ్మ వచ్చేది పైనుంచి కాదు



మన నాలుగో గదిలో ట్రంకు పెట్టెలు జరిపి చూస్తే గచ్చు మీద తుప్పు చారలు కనపడతాయి. చాపలు ముక్కవాసన వస్తున్నాయి. వాన కారుతోందని అందరం అనుకున్నాం. కానీ పైన స్లాబు పొడిగానే ఉంది. మరి నీళ్ళెక్కణ్ణించి వస్తున్నట్టు?

మా ఇంటి సంగతి చెప్తాను. మాది రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే కాలనీ. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి చుట్టూ నీళ్ళు నిలిచాయి. గడప దాకా వచ్చాయి గానీ లోపలికి రాలేదు. హమ్మయ్య అనుకున్నాం. నీళ్ళు తీసినా గోడలు మాత్రం సంక్రాంతి దాకా ఆరలేదు. అమ్మ పెట్టెను నేల మీదే పెట్టింది. తీసి చూస్తే నా కులం సర్టిఫికెట్టు, రేషన్ కార్డు బూజు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సర్టిఫికెట్టు మళ్ళీ తీయించడానికి నాన్న మూడు రోజుల కూలి పోగొట్టుకున్నాడు.

తెనాలిలో తాపీ పని చేసే మా మామయ్యని అడిగాను. "దీపం ఒత్తి నూనెని ఎలా పైకి పీలుస్తుందో ఇటుక నీళ్ళని అలాగే పీలుస్తుందిరా" అన్నాడు. నమ్మకపోతే పళ్ళెంలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి ఒక ఎండు ఇటుకని నిలబెట్టండి. తెల్లారేసరికి తడి ఎంత దూరం పాకిందో చూడండి.

మట్టిని బట్టి కూడా తేడా ఉంటుంది. బాపట్ల వైపు ఇసుక నేలలు. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి, కాబట్టి నీరు కొద్దిగా ఎక్కి ఆగిపోతుంది. తెనాలి నల్లమట్టిలో సందులు సన్నం. నీరు నెమ్మదిగానే అయినా చాలా ఎత్తుకి పోతుంది. పైగా కాలవలకి నీళ్ళు వదిలాక భూమిలో నీటి మట్టం పెరుగుతుంది. మా రేపల్లె కింది వైపు ఇంకో తంటా ఉంది, ఉప్పు. గోడ ఎక్కిన నీరు ఆరిపోతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. లోపలే గట్టిపడి పెరుగుతూ పూతని బయటికి తోస్తుంది. పెచ్చులు ఊడేది అందుకే. దాని మీద మళ్ళీ సిమెంటు పూసి, ఆయిలు రంగు వేసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. అక్కడ ఆరే దారి మూసుకుపోతే చెమ్మ ఇంకా పైకెక్కి ఊడుతుంది.

అమెరికా లాంటి దేశాల్లో కొన్ని ఇళ్ళని నేలకి రెండు మూడడుగుల ఎత్తులో కడతారట. గచ్చు కింద మనిషి పాక్కుంటూ పోయేంత ఖాళీ ఉంటుంది, దాన్ని క్రాల్ స్పేస్ అంటారు. అక్కడి మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి ఆవిరి పైకి రాకుండా ఆపుతారు. చలి పాకకుండా దూది లాంటి సరుకు కూడా పెడతారు. మనకి వేడి వచ్చేది కప్పులోంచి కాబట్టి ఆ దూదితో పని లేదు. కిందనించి వచ్చే తడిని ఆపడం మాత్రం మనకీ కావాలి. మన పెద్దలకి ఇది తెలియనిదేం కాదు. ధాన్యం గాదెని వట్టి నేల మీద పెట్టకుండా రాళ్ళ మీదకి ఎత్తి పెట్టేవాళ్ళు. కింద గాలి ఆడేది. వడ్లకి చేసిన మర్యాద మనుషులకి చెయ్యలేదు, అంతే!

కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు మేస్త్రీని మూడు సంగతులు అడగాలి. బేస్‌మట్టం చుట్టూ ఉన్న నేలకన్నా కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తుండాలి. అందులో నల్లమట్టి కాకుండా ఇసుక నింపాలి, గచ్చు వేసేముందు దాని మీద షీటు పరవాలి. గోడ లేపేముందు బేస్‌మట్టం మీద వాటర్‌ప్రూఫ్ పొడి కలిపిన కాంక్రీటు పట్టీ వెయ్యాలి. పునాదిలో ఎక్కిన తడి అక్కడితో ఆగుతుంది. ఖర్చు మిగులుతుందని చాలామంది ఎగ్గొట్టేది ఈ పట్టీనే. ఇల్లు కట్టాక దాన్ని వెయ్యడం మహా కష్టం.

ఇక మన గది. పోయిన శనివారం రాత్రి అడుగు పొడవు ప్లాస్టిక్ ముక్కని గచ్చు మీద పెట్టి నాలుగు పక్కలా టేపు వేశాం. షీటు పైన తడి చేరితే అది గాలిలో చెమ్మ, కింద చేరితే నేలలోది. ఆదివారం సాయంత్రం తీస్తే కింద బొట్లున్నాయి. కిటికీ వెనకకి వెళ్ళి చూస్తే కుళాయి నీళ్ళన్నీ గోడ మొదట్లోనే నిలిచి ఉన్నాయి.

వచ్చే ఆదివారం పెట్టెల కింద ఇటుకలు పెట్టి, గోడకి జానెడు ఎడంగా జరుపుతాం. కుళాయి కాడనించి చేను గట్టు దాకా కాలవ తవ్వడానికి పది మందిమి ఒప్పుకున్నాం. వార్డెన్ గారు రెండు పారలు, ఒక గడ్డపార ఇప్పించాలి.