ఇంటి పని – దేశ పని

మిరప కాయలు కల్లాలలో ఎండుచున్న రోజులలో మన గుంటూరు, ప్రకాశం పల్లెలలో, "మిలిటరీ సెలక్షన్లు పడ్డాయట" అనే కబురు వచ్చిందంటే చాలు, యువకులు తెల్లవారకముందే చెరువుకట్ట మీద పరుగులు మొదలుపెడతారు. తల్లిదండ్రులు సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. అయితే ఆ సెలక్షన్లు రెగ్యులర్ సైన్యానికా, టెరిటోరియల్ ఆర్మీకా అని అడిగేవారు తక్కువ. ఈ రెండింటికీ తేడా తెలియక చేతిలో ఉన్న పని మానుకుంటే తరువాత ఇల్లంతా చిక్కులో పడుతుంది. అందుకే ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాము.

మామూలు పౌరులకు తర్ఫీదునిచ్చి, అవసరం వచ్చినప్పుడు పిలిచే పద్ధతి మనకు కొత్తది కాదు. 1920లో బ్రిటిషువారు ఇండియన్ టెరిటోరియల్ ఫోర్సును ఏర్పరచారు. దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారనే దురభిప్రాయం అప్పటి పాలకులలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మద్రాసు రెజిమెంటులోని రెగ్యులర్ పటాలాలను రద్దుచేశారు. టెరిటోరియల్ పటాలాలు మాత్రం మిగిలాయి. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు వాటినే పునాదిగా చేసుకొని ఆ రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. పనికిరారన్నవారే అక్కరకు వచ్చారు!

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టం చేశారు. 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారిగారు ఈ సైన్యాన్ని ప్రారంభించారు. 1962, 1965, 1971 యుద్ధాలలో వీరు రెగ్యులర్ సైన్యానికి అండగా నిలిచారు. 1982లో ఏర్పడిన మొదటి పర్యావరణ బెటాలియన్, సున్నపురాయి తవ్వకాలతో బోడులైన ముస్సోరీ కొండలలో మొక్కలు నాటి పచ్చదనం తెచ్చింది. మన తెలుగువారికి దగ్గరలో, సికింద్రాబాదులో, గార్డ్స్ రెజిమెంటుకు అనుబంధంగా 125వ పదాతి బెటాలియన్ ఉన్నది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఈ సైన్యంలో చేరేవారికి వేరే జీవనోపాధి ఉండాలి. వయస్సు 18 నుండి 42 ఏళ్లు. ఏటా సుమారు రెండు నెలలు శిక్షణకు వెళ్లాలి. శిక్షణలో ఉన్నప్పుడు, ప్రభుత్వం సేవకు పిలిచినప్పుడు మాత్రమే జీతం, భత్యాలు వస్తాయి. మిగతా రోజులలో ఎవరి సంపాదన వారిదే. సైనికునికి పింఛను రావాలంటే, అలా పిలుపు మీద పనిచేసిన కాలమే మొత్తం 15 ఏళ్లు కావాలి. సేవ ముగించి వచ్చిన ఉద్యోగిని యజమాని తిరిగి పనిలోకి తీసుకోవాలని కూడా చట్టంలో ఉన్నది.

"రెండు నెలలే గదా" అని తేలికగా అనుకోరాదు. జమ్మూ కాశ్మీరులో, ఈశాన్య రాష్ట్రాలలో ఈ బెటాలియన్లు చాలాకాలం కాపలా కాశాయి. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఉద్రిక్తత పెరిగినప్పుడు, 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను సేవకు పిలవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. పిలుపు వచ్చినప్పుడు పత్తి తీతలని, మిరప కోతలని ఆగడానికి వీలుండదు. ఆ నెలలలో పొలం చూసేదెవరు? అప్పుల వాయిదా కట్టేదెవరు? పసిపిల్లలతో ఉన్న ఇల్లాలికి తోడెవరు?

కనుక చేరాలనుకునే కుమారునికి అడ్డు చెప్పకండి, తొందరపెట్టనూ వద్దు. భార్యాభర్తలు, పెద్దలు కూర్చుని ఈ ప్రశ్నలకు ముందే జవాబు చెప్పుకోండి. డబ్బిస్తే ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులను గడప తొక్కనీయకండి. గుంటూరులోని సైనిక రిక్రూటింగ్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి, పడిన సెలక్షన్లు ఏ సైన్యానికో కనుక్కోండి.

సరిహద్దులో నిలిచేవాడు ఒక్కడే అయినా, వాని వెనుక ఇల్లంతా నిలబడవలసి ఉంటుంది. అది తెలిసి పంపిన ఇల్లే ధైర్యంగా ఉంటుందని మా మనవి.