కమ్మగా ఉంటే తప్పా?

గరాజ్‌లో బల్ల మీద ఏడు సీసాలు. ఏడింటికీ బ్రౌన్ పేపర్ సంచులు తొడిగి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేసి, మార్కర్‌తో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు రాశారు. బల్ల చుట్టూ ఎనిమిది మందిమి కూర్చున్నాం. ఒక్కొక్కరి ముందూ ఏడు చిన్న గ్లాసులు, మంచినీళ్ళు, ఉప్పు లేని బిస్కట్లు, పెన్సిలు, కాగితాలు. ఎవరూ మాట్లాడకూడదు. పక్కవాళ్ళ కాగితంలోకి తొంగి చూడకూడదు. నాకైతే పదో తరగతి పబ్లిక్ పరీక్ష హాలు గుర్తొచ్చింది.

కాకపోతే ఇక్కడ మార్కులు వేసేది మేము, మార్కులు పడేది సీసాలకి. అలా అనుకునే ధీమాగా కూర్చున్నాను. పరీక్ష నాకేనని సాయంత్రానికి గానీ తెలియలేదు.

మన సంఘం పత్రికలో బీరు గురించి రాయడమేమిటని ఎవరైనా మొహం చిట్లిస్తే నేను తప్పు పట్టను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు సారా కొట్ల ముందు ఎందుకు నిలబడాల్సి వచ్చిందో మన తరానికి బాగా తెలుసు. తాగి గుల్లయిపోయిన ఇళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళం చూశాం. అందుకని ముందే చెబుతున్నాను, ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. అలవాటు లేనివాళ్ళు అలాగే ఉండండి, హాయి. రెండు గుక్కల్లో ఏముందో ముక్కుతో, నాలుకతో కనిపెట్టే ఒక సరదా గురించీ, అది నాకు నేర్పిన పాఠం గురించీ ఈ నాలుగు మాటలు.

అంతా ఇంటి వంటే

అమెరికాలో ఇవాళ తొమ్మిది వేల పైచిలుకు బ్రూవరీలు ఉన్నాయి. 1970ల చివర్లో వంద కూడా లేవు. ఈ మార్పుకి మూలం పెద్ద కంపెనీలు కావు, ఇళ్ళల్లో గిన్నెలు పెట్టుకుని బీరు చేసుకున్న మామూలు మనుషులు.

1933లో ఇక్కడ మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి వీలు దొరికింది గానీ, బీరుకి దొరకలేదు. 1978 అక్టోబరులో ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాకే ఆ లోటు తీరింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకు మించి గానీ ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. 1978లోనే కొలరాడోలోని బోల్డర్‌లో చార్లీ పపేజియన్ మరికొందరితో కలిసి అమెరికన్ హోమ్‌బ్రూవర్స్ అసోసియేషన్ మొదలుపెట్టారు.

మా కాలిఫోర్నియా కథ ఇంకా ముచ్చటైనది. నేవీలో పనిచేసి వచ్చిన జాక్ మెకాలిఫ్ 1976లో సొనోమాలో న్యూ ఆల్బియన్ అనే చిన్న బ్రూవరీ పెట్టారు. 1982లో అది మూతపడింది గానీ, ఈలోపు దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు ఎందరో. చీకోలో ఇంటి బీరు సామాన్లు అమ్ముకునే కెన్ గ్రాస్‌మన్ వాళ్ళలో ఒకరు. పాల డెయిరీల పాత ట్యాంకులు తెచ్చి అతికించుకుని, పాల్ కముసీతో కలిసి 1980లో సియెర్రా నెవాడా బ్రూవరీలో మొదటి బీరు చేశారు. వాళ్ళ పేల్ ఏల్ మొదట్లో నిలకడగా రాకపోతే, అప్పుచేసి పెట్టుబడి పెట్టిన మనిషి బ్యాచి తర్వాత బ్యాచి పారబోశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

కొట్లో బీరుతో పనేమిటి?

ఇంట్లో చేసుకునేవాళ్ళు కొట్లో కొన్న బీరుకి మార్కులు వెయ్యడం దేనికని మా ఆవిడ కూడా అడిగింది. సంగీతం నేర్చుకునేవాళ్ళకి శ్రుతిపెట్టె ఎందుకో ఇదీ అందుకే. మనం చేసిన పులిహోర బాగుందో లేదో తేల్చుకోవాలంటే, ఎప్పుడో ఒకసారి గుళ్ళో ప్రసాదం పులిహోర పక్కన పెట్టి తినాలి కదా!

దీనికి ఒక పద్ధతి ఉంది. 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్ళు ఒక్కొక్క రకం బీరు ఎలా ఉండాలో రాసిపెట్టారు. దానికి నమూనాగా కొట్లో దొరికే బీర్ల పేర్లు కూడా ఇచ్చారు. మార్కులు మొత్తం 50. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. రంగుకీ నురగకీ కలిపి మూడే మార్కులని గమనించారా? అందానికి పడిపోవద్దని చెప్పడమన్నమాట. 38 దాటితే చాలా గొప్ప బీరు. 30 దాటితే బాగా మంచిది. 21 నుంచి 29 దాకా ఫరవాలేదు, ఎక్కడో ఏదో తేడా ఉంది.

ఆ రోజు మా వంతుకి వచ్చింది అమెరికన్ పేల్ ఏల్. ఆల్కహాలు నాలుగున్నర నుంచి ఆరు శాతం చుట్టూ, ఓ మోస్తరు చేదు, హాప్స్ నుంచి వచ్చే నారింజ తొక్క, పైన్ చెట్టు వాసనలు. ఏడు సీసాల్లో అయిదు కొట్లో కొన్నవి, రెండు మా సభ్యులు ఇంట్లో చేసినవి. ఆ రెండిట్లో ఒకటి నాది. అంకెలు వేసింది మాతోపాటు రుచి చూడని ఆతిథ్యమిచ్చినావిడ. కాబట్టి నాది ఏ అంకెలో ఉందో నాకూ తెలియదు.

షడ్రుచులు పనికొచ్చిన చోటు

క్లబ్బులో చేరిన తెలుగువాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఐపీఏ మీ దేశం బీరే కదా?’ అని. పేరులో ఇండియా ఉన్న మాట నిజమే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్‌లోని బో ప్రాంతం నుంచి హాడ్జ్‌సన్ బ్రూవరీ పీపాలు ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మన రేవులకి వచ్చేవి. 1820లలో బర్టన్ బ్రూవర్లు ఆ వ్యాపారంలో దిగారు. ఓడ ప్రయాణానికి తట్టుకోవాలనే ఈ బీరు పుట్టిందన్న కథ మాత్రం అంతగా నిలవదు, ఎందుకంటే నల్లటి పోర్టర్ కూడా ఓడల మీదే వచ్చి బాగానే చేరేది. ఆవకాయకి ఉప్పూ నూనే ఎలాగో, బీరు నిలవకి హాప్స్ అలాగని బ్రూవర్లకి అంతకుముందే తెలుసు. ఆ బీరు తాగింది దొరలు, వాళ్ళ సైనికులు. మనవాళ్ళకి తాటికల్లు, ఈతకల్లు ఉండనే ఉన్నాయి.

ఐపీఏ మనది కాకపోయినా, రుచి చూసే బల్ల దగ్గర మనకి వేరే ఆస్తి ఉందని నెమ్మదిగా తెలిసింది. అది మన మాటలు. కొత్తగా రుచి చూడ్డం మొదలుపెట్టిన అమెరికన్ మిత్రులు చేదునీ వగరునీ కలిపేసి తికమకపడతారు. మనకా బాధ లేదు. కాకరకాయ చేదు, పచ్చి జామకాయ వగరు. చేదు నాలుక మీద ఉంటుంది, వగరు నోరంతా పిడచగట్టిస్తుంది. ఉగాది పచ్చడి తిని పెరిగినవాడికి ఆ రెండూ రెండని ఎవరూ చెప్పక్కర్లేదు. హాప్స్ నుంచి చేదు రావాలి. వగరు ఎక్కువైతే చాలాసార్లు గింజల పొట్టులోంచి రాకూడనిదేదో దిగిందని అర్థం.

ఒకసారి బెల్జియం తరహా గోధుమ బీరు పెట్టారు. సబ్బు వాసనని ఒకరు, నిమ్మగడ్డని ఒకరు అన్నారు. నేను వాసన చూడగానే ‘ధనియాలు’ అన్నాను. ఆ బీరులో నారింజ తొక్కతో పాటు ధనియాలు వేస్తారు మరి! జర్మన్ గోధుమ బీరులో లవంగం, అరటిపండు వాసనలు వస్తాయి. అవి ఎవరూ వేసినవి కావు, ఈస్ట్ చేసే పని. అక్కడ అది గుణం, అదే వాసన పేల్ ఏల్‌లో వస్తే దోషం. పులిహోరలో ఇంగువ ఉండాలి గానీ పాయసంలో ఉంటే ఊరుకుంటామా? పాతబడి గాలి తగిలిన బీరు తడిసిన అట్టపెట్టె వాసన వేస్తుంది. ఎండ తగిలిన సీసాలో హాప్స్ చెడి ఒక రకం కంపు పుడుతుంది. ముదురు గోధుమరంగు సీసా అందుకే.

నాలుగో నంబరు

ఒకటి, రెండు, మూడు అయ్యాయి. మూడో దానికి 41 వేశాను. నారింజ తొక్క, పైన్, బిస్కట్టు లాంటి మాల్ట్ తీపి, చివర శుభ్రమైన చేదు. ఏదీ ఎక్కువ లేదు, ఏదీ తక్కువ లేదు.

నాలుగోది ముక్కు దగ్గర పెట్టుకోగానే సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన. నోట్లో జిడ్డుజిడ్డుగా జారింది. హాప్స్ ఎక్కడో వెనకాల దాక్కున్నాయి. 24 వేసి, కింద వ్యాఖ్య రాశాను: ‘వెన్న వాసన. చేసినవాళ్ళు తొందరపడ్డారు. ఓపిక నేర్చుకోవాలి.’ ఆ చివరి వాక్యం అక్కర్లేదు, కానీ పెన్సిలు చేతిలో ఉంటే పెద్దరికం వస్తుంది కదా.

అందరూ రాయడం అయ్యాక సంచులు తీశారు. మూడోది సియెర్రా నెవాడా పేల్ ఏల్. నేను ఎప్పుడూ కొని పదిమందికీ సిఫారసు చేసే బీరు ఒకటుంది, పేరెందుకు లెండి, దానికి నేనే 29 వేశానని తేలింది. నాలుగో సంచి తీశారు. లేబుల్ లేని సీసా, మెడ మీద మా అమ్మాయి అతికించిన నక్షత్రం స్టిక్కరు.

నా పక్కన కూర్చున్న పెద్దాయన రిటైరయిన కెమిస్ట్రీ మాస్టారు. ఆయన 23 వేశారు. నా కాగితం తీసుకుని చదివి నవ్వలేదు. ‘నువ్వు రాసింది సరైనదే. రాసినవాడి మాట విను’ అన్నారంతే.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ బీరు నేను అంతకు ముందే స్నేహితులందరికీ పోశాను. ‘గురూ, కమ్మగా ఉంది!’ అని అందరూ మెచ్చుకున్నారు. పోటీకి పంపడానికి ఫారం కూడా నింపి పెట్టుకున్నాను. అందరికంటే ముందు మా ఆవిడ, కెగ్ మూత తీసినప్పుడు వంటింట్లోంచే, ‘ఏమండీ, వెన్న కాచారా?’ అని అడిగింది. తాగనివాళ్ళకి ఏం తెలుసులే అని నేను పట్టించుకోలేదు. మిత్రులు నిజమే చెప్పారు, అది కమ్మగానే ఉంది. మన నోటికి కమ్మదనం మెచ్చుకోలు. పేల్ ఏల్‌కి అదే జబ్బు.

వెన్న ఎలా వచ్చింది?

ఆ వాసన పేరు డయసిటైల్. ఈస్ట్ చక్కెరని ఆల్కహాలుగా మార్చేటప్పుడు ఒక పదార్థాన్ని బయటికి వదులుతుంది. అది మెల్లగా డయసిటైల్‌గా మారుతుంది. పులవడం ముగిసే వేళకి ఈస్టే దాన్ని మళ్ళీ లోపలికి తీసుకుని వాసన లేకుండా చేస్తుంది. కానీ అందుకు వెచ్చదనమూ కావాలి, వ్యవధీ కావాలి. నేను అయిదో రోజు నురగ తగ్గగానే, వారాంతం పార్టీకి అందించాలని ఫ్రిజ్‌లో పెట్టేశాను. చలికి ఈస్ట్ ముడుచుకుని కిందికి దిగిపోయింది. ఇల్లు ఊడ్చే మనిషిని సగంలో పంపేసినట్టయింది.

మాస్టారు ఒక చిట్కా చెప్పారు. సీసాల్లోకి దించేముందు రెండు చిన్న గ్లాసుల్లో బీరు తీసి మూతపెట్టాలి. ఒకదాన్ని 60 డిగ్రీల సెంటిగ్రేడ్ పైన ఉన్న వేణ్ణీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండూ వాసన చూడాలి. కాచినదాంట్లో వెన్న వాసన తగిలితే ఇంకా ఆగాలి. రెండిట్లోనూ లేకపోతే దించుకోవచ్చు.

మిగిలిన మూడు గ్యాలన్లూ ఆ రాత్రే సింకులో పారబోశాను. చేతులు రాలేదు, అబద్ధమెందుకు! అప్పుడు గుర్తొచ్చారు చీకోలో ట్యాంకులకి ట్యాంకులు పారబోసిన ఆ పెద్దమనిషి. తర్వాతి బ్యాచికి మరో నాలుగు రోజులు 20 డిగ్రీల దగ్గర ఆగాను. మళ్ళీ సంచులు తొడిగి పెడితే ఏడుగురి సగటు 35 వచ్చింది. పక్కనున్న సియెర్రా నెవాడాని దాటలేదు. దాని పక్కన తలెత్తుకుని నిలబడింది, నాకదే చాలు.

మీరూ చేసి చూడాలంటే

ఒకే రకం బీర్లు అయిదారు చాలు. రకాలు కలిపితే పోలిక కుదరదు. సీసాలకి సంచులు వేసే మనిషి రుచి చూడకూడదు. గ్లాసుల్లో సబ్బు మిగలకుండా కడగాలి. బీరు మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు, ఏడెనిమిది డిగ్రీల దగ్గర పోయండి. మనిషికి మూడు ఔన్సులు మించొద్దు, మిగిలింది ఒంపెయ్యడానికి ఒక గిన్నె పెట్టండి. గదిలో అగరొత్తులు, సెంట్లు వద్దు. పకోడీలు తర్వాత. అందరూ రాసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, ఒకరు ‘అరటిపండు’ అంటే అందరికీ అరటిపండే తోస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఇంటికి ఎవరు తీసుకెళ్తారో సంచులు తెరవకముందే తేలాలి. వీసా మీద ఉన్నవాళ్ళు మరీ గుర్తుంచుకోవాలి. తాగి బండి నడుపుతూ పట్టుబడితే జరిమానాతో పోదు, వీసాకే ముప్పు రావచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ బ్యాచి అయినా సీసాలోకి దిగాలంటే ముందు మా ఆవిడ వాసన చూడాలి. ఒక్క చుక్క ముట్టదు. రెండు గ్లాసులూ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నన్ను కాసేపు నిలబెట్టి తీర్పు చెబుతుంది. పోయినసారి ‘బానే ఉంది, దించుకోండి’ అంది. కమ్మగా ఉందనలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.