తుప్పు తొలిచిన ట్యాంకు.. చుక్క చుక్కకూ ముప్పు

కాకినాడ: చేపల రేవుల నుంచి ఐసు పెట్టెలతో బయలుదేరే పికప్ వాహనాలకు రెండు వైపుల నుంచీ ఉప్పునీటి బెడద ఉంటుంది. తొట్టిలో కరిగిన ఐసునీరు చేపల ఉప్పుతో కలిసి పలకల సందుల గుండా చాసిస్ మీదికి కారుతుంది. ఉప్పాడ బీచ్ రోడ్డు వంటి దారుల్లో అల ఎగసినప్పుడల్లా సముద్రపు నీరే అడుగుభాగాన్ని తడుపుతుంది. ఇలా ఎనిమిది, పదేళ్లు తిరిగిన బండికి డీజిల్ ట్యాంకు కింద తడి మరక కనిపించేనాటికి తుప్పు తన పని చాలావరకు ముగించినట్లే. అయినా కారే చోట సబ్బు రుద్ది నాలుగు రోజులు నెట్టుకురావడం, ఆపై దారిలో కనిపించిన వెల్డింగ్ షాపులో అతుకు వేయించడం పరిపాటిగా మారింది. కారే డీజిల్ కన్నా ఆ అతుకే ఎక్కువ ప్రమాదకరం.

పట్టీల కిందే మొదలు

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. ఆ నీటిలో ఉప్పు ఉంటే ఈ చర్య మరింత వేగంగా సాగుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైనున్న రంగు ఉబ్బి, పొలుసులుగా ఊడి, లోపలి ఇనుము మళ్లీ తడికి బయటపడుతుంది. ట్యాంకును చాసిస్‌కు బిగించే పట్టీల కింద ఉండే రబ్బరు ముక్కలు బురదను, తడిని పట్టి ఉంచుతాయి. రేకుకు సూదిమొన అంతటి చిల్లులు ఎక్కువగా పడేది అక్కడే. పట్టీ విప్పితే గానీ ఆ సంగతి బయటపడదు.

ట్యాంకు లోపలి నుంచీ తుప్పు పడుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడినప్పుడు అందులోని తేమ నీటి బొట్లుగా మారుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు కనుక అడుగున చేరి రేకును తింటుంది. ఫిల్టరులో గోధుమ రంగు పొడి తరచూ కనిపిస్తున్నా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ లాగకపోతున్నా ట్యాంకు అడుగును అనుమానించాలి. రాత్రి నిలిపే ముందే ట్యాంకు నింపడం, ఫిల్టరు కింది నీటిని ఎప్పటికప్పుడు వదిలేయడం ఖర్చు లేని జాగ్రత్తలు.

కారేది ఎక్కడో కనిపెట్టాలి

చుక్క పడే చోటే చిల్లు ఉండాలన్న నియమం లేదు. పైన రిటర్న్ పైపు క్లిప్పు వదులైనా, డీజిల్ మట్టం చూపే ఫ్లోటు కింది గ్యాస్కెట్ పాడైనా, పోసే గొట్టపు రబ్బరు పగిలినా ఇంధనం ట్యాంకు వెంబడి జారి అడుగునే చుక్కలు కడుతుంది. రూపాయల్లో పోయే రబ్బరు గొట్టానికి బదులు ట్యాంకునే మార్చి మోసపోయిన యజమానులకు కొదవలేదు. ట్యాంకు నిండా పోసినప్పుడే కారితే లోపం పైభాగంలో ఉన్నట్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే కారితే పైపులను చూడాలి. రాత్రంతా నిలిపి ఉంచినా, మట్టం తగ్గినా ఆగకుంటే అడుగు రేకో, అతుకో, డ్రెయిన్ బోల్టో కారణం కావచ్చు. ట్యాంకును శుభ్రంగా తుడిచి, ఆరాక సుద్దపొడి చల్లితే తడి గీత ఎక్కడ మొదలైందో కంటికి కనిపిస్తుంది.

సెకనుకొక చుక్క చొప్పున కారితే రోజుకు రెండు మూడు లీటర్లు నేలపాలవుతుంది. నష్టం అంతటితో ఆగదు. రోడ్డుపై పడిన డీజిల్‌పై వెనుక వచ్చే ద్విచక్ర వాహనాలు జారిపడతాయి. వేడెక్కిన సైలెన్సర్‌పైకి చిమ్మితే బండే అంటుకోవచ్చు.

సబ్బు డీజిల్‌లో కరగదు కాబట్టి సన్నని చిల్లును కొద్దిసేపు ఆపగలదు. ఎం-సీల్ వంటి ముద్దలు మరికొంత కాలం నిలుస్తాయి. అయితే ఇవన్నీ షెడ్డు చేరేవరకే. తుప్పు పొలుసులపై అతికించిన ముద్ద పొలుసుతో పాటే ఊడివస్తుంది.

ఖాళీ ట్యాంకే భయంకరం

ట్యాంకు దించే ముందు బ్యాటరీ తీగ తీసి, ఆరుబయట, నిప్పుకు దూరంగా డీజిల్‌ను ఇనుప డబ్బాలోకి వదలాలి. గొట్టంతో నోటితో పీల్చే అలవాటును మానుకోవాలి. గుక్కెడు డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డీజిల్ పెట్రోలులా అంటుకోదన్న ధీమా వెల్డింగ్ షాపుల వద్ద తరచూ వినిపిస్తుంది. మన దేశంలో వాహనాల డీజిల్‌కు నిర్దేశించిన కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీల సెల్సియస్. అంటే ఆ వేడికే మంట అంటుకునేంత ఆవిరి వెలువడవచ్చు. కోస్తాలో మే నెల మధ్యాహ్నం ఎండకే ఉష్ణోగ్రత అంతకు మించుతుంది. ఇక వెల్డింగ్ మంట సంగతి చెప్పనక్కరలేదు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటుండదు. ఖాళీ ట్యాంకులో మాత్రం ఆవిరి, గాలి కలిసి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంటాయి. ఒకసారి కడిగితే సరిపోదు. అతుకుల్లో, తుప్పు పొరల్లో ఇంకిన డీజిల్ మంట తగలగానే మళ్లీ ఆవిరవుతుంది.

ఈ పని తెలిసినవారు వేడినీరు, సబ్బుపొడితో పలుమార్లు కడిగి, ఆవిరి పట్టించి, వెల్డింగ్ చేసే చోటు వరకు నీరు నింపి, మూతులన్నీ తెరిచి ఉంచాకే మంట చూపుతారు. అంత చేసినా తుప్పుతో పలచబడిన రేకు నిలవదు. ఒక చిల్లు పూడిస్తే పక్కన మరొకటి పడుతుంది. తుప్పు రేకంతా వ్యాపిస్తే ట్యాంకు మార్చడమే చౌక. పాత సామాన్ల దుకాణంలో కొనదలిస్తే పట్టీల చోటును, లోపలి అడుగును టార్చితో చూసుకోవాలి.

చాసిస్‌నూ చూడాలి

ట్యాంకు దించిన రోజే చాసిస్‌ను చిన్న సుత్తితో తట్టి చూడటం మంచిది. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్నది బొద్దుగా పలుకుతుంది. కమాను కట్టలు బిగించిన చోట, అడ్డ దూలాల మూలల్లో స్క్రూడ్రైవర్ దిగబడితే ఆ బండికి బరువెత్తే అర్హత పోయినట్లే. పైపై తుప్పు అయితే వైర్ బ్రష్‌తో లోహం మెరిసేవరకు గీకి, రెడ్ ఆక్సైడ్ లేదా జింక్ ప్రైమర్ వేసి, ఆరాక ఎనామిల్ పూయాలి. గీకకుండా తారు పూస్తే తడి లోపలే చిక్కుకుని తుప్పు చాటున పెరుగుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసే అలవాటు వల్ల రబ్బరు గొట్టాలు ఉబ్బి పాడవుతాయి.

చేపల లోడు దించిన ప్రతిసారీ తొట్టిని, అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి. తీర గ్రామాల్లో బోరు నీరే ఉప్పగా ఉండటంతో దానితో కడిగిన బండి మరింత త్వరగా తుప్పు పడుతుంది. తొట్టి అడుగున నీరు పోయే రంధ్రాలు పొలుసులతో మూసుకుపోకుండా చూసుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కనుక, ఆ తేదీకి నెల ముందే ఈ పనులు ముగించుకోవడం మేలు.

తీసేసిన పాత ట్యాంకు చివరికి పాత ఇనుము కొట్టుకే చేరుతుంది. అక్కడ దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోస్తారు. అమ్మే ముందు అడుగు మడ్డితో సహా కడిగించి, మూతులన్నీ తెరిచి, అది డీజిల్ ట్యాంకని కొట్టువారికి స్పష్టంగా చెప్పాలి.