బోధనాభాషయు, బోధకుడును

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున నున్న ఉప్పలు, నాచారములు ఒకప్పటి గ్రామములు. నేడు నాచారము కర్మాగారముల వాడ. ఉప్పలు మీదుగా 2017 నవంబరునుండి మెట్రోరైలు నడచుచున్నది. సమీపమున హబ్సీగూడ బాటపై 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు, కణ, అణుజీవశాస్త్ర కేంద్రమును గలవు. వానిని దాటినంతనే ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఇన్ని విద్యాస్థానముల నడుమ కూలివారి బిడ్డలు చదువు సర్కారు బడుల మాట మాత్రము పెద్దల సభలలో వినవచ్చుట అరుదు. ఆ బడిలో నల్లబల్లముందు నిలుచు ఉపాధ్యాయుని చోటినుండి మన విద్యావిధానమును పరికింపదలచితిమి.

2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వమువారు తమ పాఠశాలలలో ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషును బోధనాభాషగా నొనర్చిరి. ఒక పుటయందు ఇంగ్లీషును, ఎదుటి పుటయందు తెలుగును గల పుస్తకములను ముద్రించి పంచిరి. తలిదండ్రులు కోరినదే యిచ్చితిమని వారి వాదము. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. ఉన్నత న్యాయస్థానము మొదలు ఉద్యోగపు పరీక్షలవరకు ఇంగ్లీషు రానివానికి ఎన్ని వాకిళ్లు మూయబడియున్నవో కూలివాడెరుగును. తమ బిడ్డలను వేలకువేలు రుసుము చెల్లించి ఇంగ్లీషు బడులకు పంపుచు, కూలివాని బిడ్డకు మాత్రము మాతృభాషా మహిమ నుపదేశించు పెద్దమనుష్యులు మన పట్టణములలో కొదువగా లేరు. వారి ఉపదేశమును ఆ కూలివాడు నమ్మకుండుట న్యాయమే.

అయినను, తరగతిలో జరుగునది వేరు. మూడవ తరగతి బాలుడు పాఠమును తడుముకొనక చదువును. భావమడిగిన నేలచూపులు చూచును. కిరాణా దుకాణమునకు పోయి, సరకు తెచ్చి, చిల్లర పైసలు సరిచూచుకొని తల్లిచేతిలో పెట్టగల పిల్లవాడే, పుస్తకములో అదే తీసివేత 'రిమెయినింగ్' అను మాటతో ఎదురైనప్పుడు రెండంకెలను కూడివేయును. వానికి లెక్క రాకకాదు, మాట తెలియక తప్పిపోయెను. పరీక్షాపత్రము మాత్రము వానికి లెక్కలో సున్న వేయును. ఆ సున్నను చూచి, తనకు లెక్కలు రావని ఆ బాలుడు నిశ్చయించుకొనును. ఇంతకు మించిన నష్టము బడి చేయగలదా?

మరి తెలుగుపుట యున్నదిగదా యందురేమో. నాచారపు కర్మాగారములకు ఒరిస్సానుండియు, బీహారునుండియు పొట్టచేతబట్టుకొని వచ్చినవారి పిల్లలకు ఆ పుటయు పరభాషయే. 2018నాటి చట్టము తెలుగును అన్ని బడులలో నిర్బంధ పాఠ్యవిషయముగ నొనర్చినది. 2020నాటి జాతీయ విద్యావిధానము, వీలైనచోట్ల నెల్ల, ఐదవ తరగతివరకు ఇంటిభాషలో బోధింపుడనినది. ఒక్క గదిలో మూడు ఇంటిభాషలున్నప్పుడు వీలెట్లో ఆ పత్రములు చెప్పవు. ఆ చిక్కును విప్పువాడు ఉపాధ్యాయుడే. అతడు వచ్చినంతలో హిందీతో ఒకనికి, తెలుగుతో మరియొకనికి, సైగలతో ఇంకొకనికి బోధించుచున్నాడు.

ఈ తావున ఉస్మానియా చరిత్రమును తలపక తప్పదు. 1918లో వెలసిన ఆ విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనాభాషగ గైకొన్నది. పరభాషా ప్రభుత్వమున దేశభాషలో ఉన్నతవిద్య గరపవచ్చునని నిరూపించిన కీర్తి దానిదే. కాని తెలుగు, మరాఠీ, కన్నడ ప్రజలే అధికముగ గల రాజ్యమున అది కొలదిమంది ఇంటిభాష. తెలుగు బాలికలకు తెలుగున చదువు చెప్పుటకై 1928లో మాడపాటి హనుమంతరావుగారు స్థాపించిన పాఠశాలకు ఇక్కడ గుర్తింపు దొరకక, పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము పెట్టుకొనవలసివచ్చెను. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చినది. ముత్తాతకు ఉర్దూ, తండ్రికి తెలుగు, బిడ్డకు ఇంగ్లీషు! ఒక్క కుటుంబమున ఇన్ని మారులు బోధనాభాష మారిన ప్రాంతములు లోకమున ఎన్ని గలవో!

ఉర్దూ నిర్ణయమును మేము సమర్థింపము. అయినను ఆ నిర్మాతల పద్ధతిలో నొక వివేకమున్నది. తరగతులు తెరచుటకు ముందే, 1917లో, అనువాదశాఖను నెలకొల్పి, పారిభాషిక పదములను కూర్చి, పుస్తకములు వ్రాయింప మొదలిడిరి. 2022లోనో, తెలుగులో చదివి తెలుగులో బోధించుచు ఏండ్లు గడపిన ఉపాధ్యాయులకు కొన్ని వారముల శిక్షణ నొసగి, రేపటినుండి ఇంగ్లీషున బోధింపుడనిరి. తనకే ధారాళముగ రాని భాషలో విజ్ఞానశాస్త్రమును చెప్పవలసినవాడు పుస్తకములోని వాక్యమును వల్లెవేయించుట తప్ప చేయగలుగునదేమి? భూకంపములను కొలుచు శాస్త్రజ్ఞులు నిత్యము సంచరించు బాటప్రక్కనే, భూమి ఏల కంపించునో తెలియక ఆ మాటకు వర్ణక్రమము కంఠస్థము చేయు బాలురుండుట మిక్కిలి శోచనీయము.

ఇంగ్లీషును వలదనము. మొదటి రెండు మూడేండ్లు దానిని చెవికిని, నోటికిని అలవరచి, లెక్కలను, పరిసరములను గూర్చిన జ్ఞానమును పిల్లవానికి తెలిసిన మాటలలో నేర్పి, పిదప క్రమముగ మార్చుట సాధ్యమే. ఇందులకు తీరిక గల ఉపాధ్యాయుడు కావలెను. 2009నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము అరువదిమంది పిల్లలవరకు గల ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులో, అయిదు! జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప వేరుపనికి వారిని నియోగింపరాదని ఆ చట్టమే నిషేధించినది. అయినను 2024 నవంబరులో ఇంటింటి కుటుంబసర్వేకై వారిని పంపి, ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూట నడపిరి. తరగతికొక ఉపాధ్యాయుని నియమింపుమని అడిగినప్పుడెల్ల ఆ చట్టమునే అడ్డము చూపుట అధికారులకు పరిపాటి. అందు వ్రాసిన ఇద్దరనునది కనీసపు సంఖ్య. అంతకు మించి నియమింపరాదని ఆ చట్టమున ఎచ్చటను లేదు.