కబురు ఆగితే కండ కదలదు

నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాటు ఎక్కే దారిలోని ఊళ్లలో, వానాకాలం రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము కరిస్తే చాలాసార్లు అతనికి మెలకువే రాదు. వాపు ఉండదు, మంట ఉండదు, గాటు వెతికినా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపులో నొప్పంటాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. అజీర్తి అనుకుని ఇంట్లోవాళ్లు ఊరుకున్నంతసేపట్లో ఊపిరి తీసే కండరాలు కూడా సడలిపోతాయి. మనిషికి తెలివి ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. రొమ్ము మాత్రం పైకి లేవదు.

విచిత్రమేమిటంటే ఈ విషం మెదడు జోలికి వెళ్లదు. కండరాల సొంత బలమూ తగ్గదు. దెబ్బ పడేది నరానికీ కండకూ మధ్య ఉన్న సందులో.

నరం కొస కండరానికి ఆనుకుని ఉండదు. రెండింటికీ నడుమ సుమారు 50 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. మన వెంట్రుక మందంలో అది వెయ్యోవంతు కంటే తక్కువ. మెదడు నుంచి కరెంటులా వచ్చిన సంకేతం అక్కడితో ఆగిపోతుంది. సందు దాటించే పని ఒక రసాయనానిది. దాని పేరు ఎసిటైల్‌కొలీన్. సంకేతం రాగానే నరం కొసలోకి కాల్షియం చొరబడుతుంది. ఆ వెంటనే ఎసిటైల్‌కొలీన్ నింపుకున్న సూక్ష్మమైన సంచులు పగిలి సందులోకి ఒలికిపోతాయి. ఒక్కో సంచిలో వేల అణువులుంటాయి. అవి అవతలి ఒడ్డున కండరం మీదున్న గ్రాహకాలకు తగులుతాయి. గ్రాహకమంటే పొలం గట్టున తూములాంటిది. ఎసిటైల్‌కొలీన్ తగిలితే అది తెరుచుకుంటుంది, సోడియం లోపలికి పారుతుంది, కండ బిగుసుకుంటుంది. వచ్చిన రసాయనం అక్కడే ఉండిపోతే కండ మళ్లీ వదులు కాలేదు. అందుకని ఎసిటైల్‌కొలీనెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని సెకనులో వెయ్యోవంతులోనే విరగ్గొట్టేస్తుంది. రెప్ప వేసినా, ముద్ద మింగినా, ఊపిరి పీల్చినా ఇదే తంతు.

నరాలు రసాయనాలతో పని చేయిస్తాయని రుజువు చేసినవాడు ఒట్టో లోవీ. 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో రెండు కప్ప గుండెలతో ప్రయోగం చేశాడు. ఒక గుండెకున్న నరాన్ని ప్రేరేపించి దాని వేగం తగ్గించాడు. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు తగిలించాడు. నరం జోక్యం లేకుండానే రెండోదీ నెమ్మదించింది. ఈ ప్రయోగం తనకు కలలో తట్టిందని లోవీయే చెప్పుకున్నాడు. చేతులూ కాళ్లూ కదిలించే కండరాల దగ్గరా ఎసిటైల్‌కొలీనే పని చేస్తుందని ఇంగ్లండులో హెన్రీ డేల్ బృందం 1936లో చూపించింది. లోవీ, డేల్ ఇద్దరికీ ఆ ఏడాదే నోబెల్ వచ్చింది.

తాచుపాము విషం కండరం వైపున్న తూముల్ని పట్టుకుని మూసేస్తుంది. కట్లపాము విషం ముఖ్యంగా ఇవతలి గట్టున నరం కొసలను పాడు చేస్తుంది, కబురు పంపే సంచులు అయిపోతాయి. ఈ తేడా వైద్యానికి చాలా ముఖ్యం. తాచు కాటుకు నియోస్టిగ్మిన్ ఇంజెక్షను బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే అది ఎంజైమును ఆపి సందులో ఎసిటైల్‌కొలీన్‌ను పెంచుతుంది. కట్లపాము విషయంలో పంపేవాడే లేడు కనుక దానితో పెద్దగా ఫలితం ఉండదు. దెబ్బతిన్న నరం కొసలు తిరిగి మొలిచేదాకా, రోజుల తరబడి, వెంటిలేటరే ఊపిరి పోయాలి. అలా నిలబెట్టగలిగితే మనిషి కోలుకుంటాడు. ఈ మాట ప్రతి ఊళ్లోనూ తెలియాలి.

ఈ పరిజ్ఞానంలో మన ఉత్తరాంధ్రకూ వాటా ఉంది. స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉంటూ కోరమాండల్ తీరపు పాముల్ని సేకరించాడు. స్థానికులు పిలిచే పేర్లతో సహా బొమ్మలు వేయించి 1796లో పుస్తకం వెలువరించాడు. అందులోని ‘బంగారు పాము’ పేరు మీదే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అన్న శాస్త్రీయ నామం వచ్చింది. 1963లో తైవాన్ శాస్త్రవేత్తలు తమ దేశపు కట్లపాము విషం నుంచి వేరు చేసిన పదార్థాన్ని బంగారోటాక్సిన్ అన్నారు. ఎసిటైల్‌కొలీన్ గ్రాహకాన్ని పరిశోధకులు 1970లో వెలికి తీయగలిగింది దాన్ని గట్టిగా పట్టుకునే ఆ పదార్థం సాయంతోనే.

చెరకు, వరి పొలాల్లో వాడుతూ వచ్చిన పురుగుమందుల్లో మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటివి పాము విషానికి తలకిందులుగా పని చేస్తాయి. అవి ఎంజైమును కట్టేస్తాయి. ఎసిటైల్‌కొలీన్ సందులో పేరుకుపోతుంది. నోట్లో చొంగ, కంట్లో నీరు, ఒళ్లంతా చెమట, సూదిమొనంత అయిపోయిన కంటిపాపలు, కండరాల అదురు, చివరికి పక్షవాతం. నోటితో మింగితేనే కాదు, ముఖానికి గుడ్డా చేతికి తొడుగూ లేకుండా పిచికారీ చేసినా చర్మం ద్వారా ఒంట్లోకి పోతాయి. ఆసుపత్రిలో ఎట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ ఇస్తారు. ఎట్రోపిన్ చొంగనూ ఊపిరితిత్తుల్లో చేరే నీటినీ అదుపు చేస్తుంది గానీ, కండరాల దగ్గర దాని ప్రభావం ఉండదు. అందుకే ఇక్కడా ఊపిరి మీద కన్ను వేసి ఉంచాల్సిందే.

దేశంలో ఏటా దాదాపు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. ఎక్కువ మరణాలు నమోదవుతున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మందు లేక పోయిన ప్రాణాలు కొన్నయితే, మంత్రం వేయించి, పసరు పోయించి, గాటు కోయించి పొద్దు గడిపినందువల్ల పోయినవి ఎన్నో. కాటు పడ్డ కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. గట్టిగా తాడు బిగించకండి. రాత్రి నేల మీద పడుకుని తెల్లారి రెప్పలు వాలిన మనిషిని, గాటు కనబడకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇక రోజూ రాత్రి దోమతెర పరుపు కిందికి దోపి కట్టుకుని పడుకోవడం అన్నిటికన్నా తేలికైన పని.